మొదటి జీపు కొనాలి: డబ్బు ఫోర్ బై ఫోర్‌కి పెట్టాలా, సౌకర్యాలకి పెట్టాలా?

అడవిబాట_ఉట్నూరు
శుక్రవారం, రాత్రి 10:48

అన్నలకు, అక్కలకు నమస్తే. ఏడాది సంది ఇక్కడ చదువుతనే ఉన్న గాని రాసుడు ఇదే మొదలు.

నాకు 27 ఏండ్లు. హైదరాబాద్‌ల నౌకరి. చేతికి 78 వేలు వస్తయి. కిరాయి, తిండి, ఇంటికి పంపేది పోంగ 40 వేలు మిగులుతయి. అమ్మ, బాపు ఊర్లనే ఉంటరు, ఉట్నూరు అవుతల. పత్తి, కంది ఏస్తరు. నెలకు రెండుసార్లు పోయొస్త. పోను రాను కలిపి ఆరు వందల కిలోమీటర్లకు తక్కువ కాదు.

44 నంబర్ హైవే, నిర్మల్ ఘాట్, అంత తారు రోడ్డే. ఆఖరి ఆరు కిలోమీటర్లు నల్లరేగడి బాట, నడుమల ఒక వాగు. ఎండకాలం సైకిల్ కూడ పోతది. జూన్‌ల గట్టి వాన పడ్డదంటే ఆటో బంద్, స్కూటర్ బంద్. పోయిన శ్రావణంల అమ్మకు జెరమొస్తే ట్రాక్టర్ మీద కూసోబెట్టుకొని మెయిన్ రోడ్డు దాక తెచ్చినం. ఆమెకు మోకాళ్ల నొప్పులు. ట్రాక్టర్ ఎక్కిచ్చేటప్పుడు ఆమె మొకం చూసిన. కొంటే ఈ బాట మీద నడిచే బండే కొనాలె అని ఆ రోజే అనుకున్న.

చేతిల 5 లక్షలున్నయి. ఆన్‌రోడ్ 15 దాటొద్దు. ఆ పైసలకే రెండు తీర్ల బండ్లు దొరుకుతున్నయి. ఒకదాంట్ల ఫోర్ బై ఫోర్ (ఇంజిన్ బలం నాలుగు చక్రాలకు పోవుడు) ఉంటది, లోపట సాదాసీదగ ఉంటది. ఇంకోదాంట్ల సన్‌రూఫ్, పెద్ద స్క్రీన్, గాలి వచ్చే సీట్లు అన్ని ఉంటయి, కాని ముందటి చక్రాలే నడుస్తయి. ఆఫీసుల దోస్తులంత రెండోదే తీస్కో అంటున్నరు. నాకు మనసు ఒప్పుతలేదు. మీరేమంటరు?

కొత్తచక్రం_వైజాగ్
శుక్రవారం, రాత్రి 11:15

బ్రో, నేను 24 ఏళ్లకే కొన్నాను, నువ్వు చెప్పిన రెండో రకమే. సూటిగా చెప్తాను. నీ ప్రయాణంలో తారు 290 కిలోమీటర్లు, బురద ఆరు. ఆ ఆరింటి కోసం మిగతా 290 కిలోమీటర్లూ కష్టపడతావా? నేను అరకు, లంబసింగి ఎన్నోసార్లు వెళ్లొచ్చాను. అంతా తారు రోడ్డే. మా అమ్మానాన్న వెనక సీట్లో హాయిగా నిద్రపోతారు. జీపు మీద మోజుతో కొని, ఏడాదిలో అమ్మేసిన ఫ్రెండ్స్ నాకు ఇద్దరున్నారు. మన వయసులో కిస్తీ కట్టే బండి రోజూ వాడుకునేలా ఉండాలి.

లోరేంజ్
శనివారం, ఉదయం 6:30

తమ్ముడూ, ఒక కాగితం తీసుకుని మధ్యలో నిలువు గీత గీయి. కొన్నాక బయట బిగించుకోగలిగినవన్నీ ఎడమ వైపు రాయి: స్క్రీన్, స్పీకర్లు, రివర్స్ కెమెరా, సీటు కవర్లు, అలాయ్ చక్రాలు, ఫుట్‌స్టెప్పు, మంచి టైర్లు. ఎంత డబ్బు పోసినా తర్వాత పెట్టించుకోలేనివి కుడి వైపు రాయి: ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజిన్ బలాన్ని ముందు, వెనక చక్రాలకి పంచే పెట్టె), లో రేంజ్ గేరు (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే గేరు), వెనక తలుపులు, ఎయిర్‌బ్యాగులు, ఈఎస్‌పీ (బండి అదుపు తప్పి జారకుండా పట్టే ఏర్పాటు), సస్పెన్షన్ రకం. నీ 15 లక్షలు ముందు కుడి వైపుకి ఖర్చు కావాలి. ఎడమ వైపుది జీతం పెరిగినప్పుడు చూసుకోవచ్చు.

చిక్కేమిటంటే మార్కెట్ అలా అమ్మడం లేదు. 2020 అక్టోబర్ 2న మహీంద్రా కొత్త థార్ వచ్చినప్పుడు ధర 9.80 లక్షల నుంచి మొదలైంది, ప్రతి వేరియంటూ ఫోర్ బై ఫోరే. ఆ చవక వేరియంటు కొన్ని నెలలకే ఆగిపోయింది. 2023 జనవరిలో వెనక చక్రాలతో మాత్రమే నడిచే థార్ 9.99కి వచ్చింది. 2025 అక్టోబర్‌లో మార్పులు చేసినప్పుడు కూడా మొదటి ధర 9.99 లక్షలే, కానీ ఆ ధరకి వచ్చేది రెండు చక్రాల బండి. ఫోర్ బై ఫోర్ కావాలంటే పై వేరియంటుకే వెళ్లాలి, ఎక్స్-షోరూమే (రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ కలపని ధరే) అప్పుడే 14 లక్షలు దాటింది. అంటే లో రేంజ్ కావాలనుకున్న కుర్రాడు పెద్ద స్క్రీన్, అలాయ్ చక్రాలు కూడా కొని తీరాలి. రెంటినీ విడదీసి అమ్మితే మన ఊళ్ల పిల్లలకి ఎంత మేలు జరిగేదో.

పన్ను కూడా ఇటే తోస్తోంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవుండి, డీజిల్ అయితే 1500 సీసీ, పెట్రోలు అయితే 1200 సీసీ దాటని బండికి జీఎస్టీ 18 శాతం. దాటితే 40. థార్‌లో 1.5 డీజిల్ ఇంజిన్ 18 శాతంలో పడింది, దానికి ఫోర్ బై ఫోర్ లేదు. ఫోర్ బై ఫోర్ వచ్చే 2.2 డీజిల్, 2.0 పెట్రోలు రెండూ 40లో ఉన్నాయి. మారుతి జిమ్నీ పొడవు 3985 మిల్లీమీటర్లే అయినా ఇంజిన్ 1462 సీసీ పెట్రోలు, అదీ 40లోనే. ఫోర్స్ కంపెనీ గూర్ఖా 2.6 లీటర్ల డీజిల్, దాని సంగతి చెప్పక్కర్లేదు. పొలం బాటకి నిజంగా పనికొచ్చే బళ్లన్నీ విలాసపు పన్ను కడుతున్నాయి.

సీమ_జీపు
శనివారం, ఉదయం 9:05

అబ్బీ, నేను అనంతపురం జిల్లా వాన్ని. మా నాయన కమాండర్ జీపు తోలినాడు, నేను ఎంఎం 540 తోలుతాండా. ఏసీ లేదు, పవర్ స్టీరింగ్ లేదు, కింద కమాన్ పట్టీలు. చెడిపోతే చెట్టుకింద మెకానిక్కు స్పానర్లతో బాగు చేస్తాడు, లాప్‌టాప్ పెట్టి చూసే పని లేదు. 15 లక్షలు అప్పు జేసి కొత్త బండి ఎందుకు? నాలుగైదు లక్షల్లో మంచి పాత జీపు చూసుకో. నీ చేతిలో దుడ్డుతోనే అయిపోతాది, కిస్తీ ఉండదు. వయసులో ఉన్నోడికి సుఖమేంటికి? మాకు మూడు తరాలుగా సుఖం లేకనే జరిగింది.

పశువైద్యురాలు_ఏజెన్సీ
శనివారం, మధ్యాహ్నం 1:40

సీమ_జీపు గారూ, మీ మీద గౌరవంతోనే చెబుతున్నాను, ఈ మాట నేను ఒప్పుకోను.

నేను రంపచోడవరం వైపు పశువుల డాక్టరుగా పనిచేస్తున్నాను. మారేడుమిల్లి పైన కొండ ఊళ్లకి వారంలో నాలుగు రోజులు వెళ్లాలి. మొదటి రెండేళ్లు పాత జీపులోనే తిరిగాను. కమాన్ పట్టీల బండిలో రాళ్ల దారిమీద గంటన్నర కూర్చుంటే నడుం పట్టేస్తుంది. దిగగానే అడ్డం తిరిగిన దూడని ఆవు కడుపులోంచి చేత్తో తియ్యాలి. చేతులు వణుకుతుంటే ఎలా తియ్యను? ఒకసారి సాయంత్రం దిగి వస్తూ, అలసటలో మలుపు అంచనా తప్పి ఎడమ చక్రాలు కాలవలోకి దింపాను. బండి తప్పేమీ లేదు. పొద్దున్నించీ వేడి, ఇంజిన్ హోరు, కుదుపులు. ఒళ్లు పుండైపోయి, కళ్లు మూతలు పడుతున్నాయి.

అప్పటినుంచీ నాకు సౌకర్యం అంటే అర్థం మారింది. నడుముకి ఆనే సీటు, కాయిల్ స్ప్రింగుల సస్పెన్షన్, పనిచేసే ఏసీ, వానలో అద్దం మీద ఆవిరి పట్టకుండా గాలి, తేలిగ్గా తిరిగే స్టీరింగ్. నాకివి మందుల పెట్టె ఎంతో అంత. సన్‌రూఫ్, రంగురంగుల లైట్లు, పన్నెండు స్పీకర్లు వేరే సంగతి. షోరూమ్‌లో ఈ రెండు రకాలనీ ఒకే మాట కింద కట్టగట్టి అమ్ముతారు. బాబూ, నువ్వు వాటిని విడదీసి చూడు.

ఇంకోటి, మీ అమ్మగారి మోకాళ్లు. మూడు తలుపుల బండిలో ముందు సీటు వంచి వెనక్కి దూరి కూర్చోవాలి. నాకు 36 ఏళ్లు, నాకే ఇబ్బంది. పక్కలకి నాలుగు తలుపులు లేని బండి జోలికి పోకు.

పాడేరుఘాట్
శనివారం, సాయంత్రం 4:22

నేనొక మాట. మా ఏజెన్సీలో సంత రోజు చూడాలి. పదిహేను మందిని, అల్లం బస్తాల్ని ఎక్కించుకుని ఎక్కే జీపుల్లో సగానికి ఫోర్ బై ఫోర్ ఉండదు గురూ. వెనక చక్రాలు, బరువు, డ్రైవరు చెయ్యి, అంతే. రాళ్ల దారికీ, ఎత్తుకీ అది సరిపోతాది. గుడిస కొండ మీదకి తెల్లారగట్ల టూరిస్టుల్ని తీసుకెళ్లే కుర్రాళ్లని చూడండి, ఏ రాయి మీద ఏ చక్రం పెట్టాలో చీకట్లోనే తెలుసు వాళ్లకి.

కాని ఈ బాబు చెప్పిన నల్లరేగడి వేరు. అది టైరు పళ్లలో పిండిలా పట్టేసి చక్రాన్ని నున్నగా గుండ్రాయిలా చేసేస్తాది. అక్కడ రెండు చక్రాల బండి ఆగిందంటే ఆగిందే. నేను పెదబయలు వైపు ఎర్రమట్టిలో ఇరవై ఏళ్లు తోలినోణ్ణి, ఒకసారి మాత్రం కర్నూలు వైపు నల్లమట్టిలో వాన రోజు దిగాను. మూడు గంటలు అక్కడే.

కిస్తీలెక్క
శనివారం, రాత్రి 9:10

అందరూ బండి గురించి చెప్పారు. నేను బ్యాంకులో వాహన రుణాలు చూస్తాను కాబట్టి అంకెలు చెబుతాను.

10 లక్షల అప్పు, 9 శాతం వడ్డీ అనుకుందాం. ఏడేళ్లకి కిస్తీ 16,089 రూపాయలు, మొత్తం కట్టేది 13.51 లక్షలు. అయిదేళ్లకి కిస్తీ 20,758, మొత్తం 12.45 లక్షలు. మా దగ్గరికొచ్చే కుర్రాళ్లు కిస్తీ తక్కువని ఏడేళ్లు పెట్టుకుని, మిగిలిన ఆ నాలుగు వేలతో పై వేరియంటు ఎక్కుతారు. సేల్స్‌మన్ కూడా "నెలకి ఇంకో ఆరు వేలే సార్" అంటాడు. 4 లక్షలు అదనంగా తీసుకుంటే ఏడేళ్లకి కిస్తీ 6,436 పెరుగుతుంది. ఎనభై నాలుగు నెలలు కడితే అది 5.4 లక్షలు. ఏడో ఏడాదికి ఆ స్క్రీన్ పాతబడి ఉంటుంది.

ఇప్పుడు నీ లెక్క. నెలకి ఊరికి 1200 కిలోమీటర్లు, సిటీలో ఓ 400. లీటరుకి 14 ఇచ్చే పెట్రోలు బండి అయితే 114 లీటర్లు. హైదరాబాద్‌లో లీటరు 107 దగ్గర వేసుకుంటే 12,200 రూపాయలు. అయిదేళ్ల కిస్తీతో కలిపి 33 వేలు. ఇన్సూరెన్స్, సర్వీసు, టైర్లకి నెలనెలా ఓ నాలుగైదు వేలు పక్కన పెట్టుకో. 38 వేలు అయిపోయాయి. నీకు మిగిలేది 40 అన్నావు. మీ అమ్మగారికి ఆసుపత్రి ఖర్చు వస్తే ఎక్కణ్ణుంచి తెస్తావు? నువ్వు పెట్టుకున్న 15 లక్షలే నీకు పై హద్దు. సౌకర్యాల పేరుతో గానీ, ఫోర్ బై ఫోర్ పేరుతో గానీ అది దాటకు. అయిదేళ్ల కిస్తీయే పెట్టుకో.

ఎక్స్-షోరూమ్ ధర 10 లక్షలు దాటితే లైఫ్ ట్యాక్స్ శ్లాబు మారుతుంది, 1 శాతం టీసీఎస్ (అమ్మేటప్పుడే వసూలు చేసే ఆదాయపు పన్ను) కూడా కట్టించుకుంటారు. ఆ టీసీఎస్ నీ డబ్బే, ఐటీ రిటర్న్‌లో వెనక్కి అడుగు. చాలామంది వదిలేస్తున్నారు.

అడవిబాట_ఉట్నూరు
శనివారం, రాత్రి 11:32

కిస్తీలెక్క అన్న, ఈ లెక్క నేను గిట్ల ఎన్నడు చెయ్యలే. పెట్రోలు సంగతే మర్శిన. రాత్రి నిద్ర పడ్తదో లేదో.

డాక్టరమ్మ, మీరు చెప్పిన తలుపుల ముచ్చట నిజం. దోస్తు జీపుల అమ్మను ఒకసారి ఎక్కిచ్చిన. వెనకకు పోలేక ముందట్నే కూసున్నది, బాపు వెనక వంగి కూసున్నడు. మూడు తలుపులది ఇగ నా లిస్టుల లేదు.

అయిదు తలుపులల్ల ఫోర్ బై ఫోర్ ఏవేవి ఉన్నయి? పాతదైనా మంచిదే.

లోరేంజ్
ఆదివారం, ఉదయం 7:05

నీ బడ్జెట్ చుట్టుపక్కల నేను చూడమనేవి మూడు.

థార్ రాక్స్: 2024 ఆగస్టులో వచ్చింది. 2850 మిల్లీమీటర్ల వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం), వెనక పెంటాలింక్ సస్పెన్షన్ (అయిదు కడ్డీలతో కుదుపు తగ్గించేది), ఆరు ఎయిర్‌బ్యాగులు, భారత్ ఎన్‌క్యాప్ భద్రతా పరీక్షలో 5 స్టార్లు. డాక్టరు గారు చెప్పిన సౌకర్యమూ ఉంది, సన్‌రూఫ్ సరదా కూడా ఉంది. వచ్చినప్పటి మొదటి ధర 12.99 లక్షలని పాత పేపర్లో చూసి పరిగెత్తకు, అది వెనక చక్రాల పెట్రోలు బండి. ఫోర్ బై ఫోర్ డీజిల్‌కే ఇచ్చారు, వచ్చినప్పుడే 18.79 లక్షల నుంచి మొదలైంది.

గూర్ఖా అయిదు తలుపులది: 2024లో 18 లక్షలకి వచ్చింది. ముందూ వెనకా డిఫరెన్షియల్ లాకులు (ఒక చక్రం జారినా రెండోది లాగేలా చేసేవి), ఫ్యాక్టరీ నుంచే స్నార్కెల్ (ఇంజిన్‌కి పై నుంచి గాలి అందించే గొట్టం), 700 మిల్లీమీటర్ల నీళ్లలో దిగే సామర్థ్యం. అడవికి ఇంతకంటే గట్టి సామాను ఈ ధరలో ఇంకెవరూ ఇవ్వరు. నీ బడ్జెట్ కాదు.

జిమ్నీ: 2023 జూన్‌లో 12.74 లక్షలకి వచ్చింది, జీఎస్టీ తగ్గాక 12 లక్షల చిల్లర. ఇందులో నాకు బాగా నచ్చేది ఒక్కటి: కింది వేరియంటుకీ పై వేరియంటుకీ యాంత్రికంగా తేడా లేదు. అదే లాడర్ ఫ్రేము (నిచ్చెనలాంటి ఇనప చట్రం), అవే రిజిడ్ యాక్సిళ్లు (రెండు పక్కల చక్రాలని కలిపే ఒకే ఇరుసు), కాయిల్ స్ప్రింగులు, అదే లో రేంజ్, రెండింటికీ ఆరు ఎయిర్‌బ్యాగులు. పై దానికి ఎక్కువిచ్చేది పెద్ద స్క్రీను, అలాయ్ చక్రాలు, ఎల్‌ఈడీ లైట్లు, ఆటోమేటిక్ ఏసీ. అంటే నా కాగితంలో ఎడమ వైపు సామాను. లక్షకి అటూ ఇటూ మిగులుతుంది.

తెల్లజిమ్నీ_నల్లగొండ
ఆదివారం, ఉదయం 10:50

నేను రెండేళ్ల సంది నడుపుతున్న, 41 వేల కిలోమీటర్లు అయింది. ఉన్నది ఉన్నట్టు చెప్త.

హైవే మీద పెద్ద బండ్ల తోటి పోటీ పడొద్దు. 105 హార్స్‌పవర్ ఇంజిన్, నలుగురు కూసుంటే ఓవర్‌టేక్‌కు గేరు దింపాల్సిందే. 90లో పెట్టుకొని పోతే ఏ ఇబ్బంది లేదు. సీట్లు నాలుగే, అయిదో మనిషికి బెల్టే లేదు. డిక్కీ 208 లీటర్లు, అంటే రెండు బ్యాగులు. యూరియా బస్తా ఏయాలంటే వెనక సీటు వంచాలె. గతుకుల మీద బండి అటిటు ఊగుతది, రిజిడ్ యాక్సిల్ కదా, అలవాటైతది.

బురదల మాత్రం దీని బలమంత బరువు తక్కువుండుట్లనే ఉన్నది. 1200 కిలోలే. పెద్ద జీపుల కంటే దాదాపు అరటన్ను తక్కువ. మా దిక్కు వరి కోతలప్పుడు పొలం గట్టెంబడి పెద్ద బండ్లు కుంగిన జాగల ఇది మీదమీదనే పోయింది. ఇదే బండి మన దేశంల చేసి జపాన్‌కు పంపుతున్నరు. 2025 జనవరిల అక్కడ అమ్మకానికి పెడితే కొన్ని దినాలల్లనే 50 వేల ఆర్డర్లు వచ్చి బుకింగ్ ఆపిండ్రు. మన దగ్గరేమో చిన్నగున్నదని, ఫీచర్లు తక్కువని మందికి నచ్చలే.

కొత్తచక్రం_వైజాగ్
ఆదివారం, మధ్యాహ్నం 12:15

డాక్టర్ గారి పోస్ట్ రెండుసార్లు చదివాను. నేను సౌకర్యం అని రాసింది వేరు, ఆవిడ చెప్పింది వేరు. నా మాట మాత్రం వెనక్కి తీసుకోను: సిటీలో ఉండి, ఊరికి తారు రోడ్డు ఉన్నవాళ్లు ఫోర్ బై ఫోర్ కొనడం దండగ. కానీ బ్రో, నీ కేసులో ఆ ఆరు కిలోమీటర్లు దాటకపోతే 290 వచ్చీ లాభం లేదు. అది నేను ఆలోచించలేదు.

ఒక డౌట్. కింది వేరియంటు, వెనక చక్రాల థార్ తీసుకుని, మంచి మడ్ టైర్లు వేస్తే సరిపోదా? మూడు తలుపులే అనుకో, ఊరికే అడుగుతున్నాను, నా ఫ్రెండ్ అదే ప్లాన్‌లో ఉన్నాడు.

పాడేరుఘాట్
ఆదివారం, మధ్యాహ్నం 2:40

మీ ఫ్రెండ్ ఊళ్లో మట్టి ఏటి? గులక, ఎర్రమట్టి అయితే సరిపోతాది. మడ్ టైరు తారు మీద హోరు పెడతాది, తొందరగా అరుగుతాది, వాన రోజు బ్రేకు దూరం పెరుగుతాది. హైవే ఎక్కువుంటే తారుకీ మట్టికీ పనికొచ్చే ఆల్ టెరైన్ టైరు మేలు. ఇంకోటి బాబూ, కింది వేరియంటుకొచ్చే 16 అంగుళాల ఇనప రిమ్ముని తక్కువగా చూడొద్దు. టైరు గోడ ఎత్తుగా ఉంటాది, రాయి తగిలితే రిమ్ము వంగినా సుత్తితో సరిచేసుకోవచ్చు. 18 అంగుళాల అలాయ్ పగిలితే కొత్తది కొనడవే.

సీమ_జీపు
ఆదివారం, సాయంత్రం 5:30

డాక్టరమ్మా, మీరు జెప్పిన దూడ కత మా ఇంట్లో సదివి వినిపిస్తి. మీ పనికి మీరు జెప్పిందే న్యాయం. కానీ అప్పు సంగతిలో నేను నా మాట మీదనే ఉండా. వానలు రాని ఏడు ఎట్లుంటాదో మా సీమోళ్లకి తెలుసు. కిస్తీకి వాన పడిందా లేదా అని తెలీదు గదా.

పాత ఫోర్ బై ఫోర్ చూసేటట్లయితే ఈ పిల్లోడికి నాలుగు మాటలు. బండి కిందకి దూరి సూడు, ఛాసిస్ మీద కొత్తగా వెల్డింగ్ గీతలుంటే వొద్దు. కార్పెట్ ఎత్తి సీటు బోల్టుల దగ్గర తుప్పు, బురద వాసన సూడు, నీళ్లలో మునిగిన బండి ఆడ దొరికిపోతాది. మట్టి నేల మీద ఫోర్ హైలో ఏసి తోలు, లోలో ఏసి తోలు, గేరు ఎగిరి బయటికొస్తే వొద్దు. తారు మీద ఫోర్ బై ఫోర్ ఏసి సూడొద్దు, ముందు, వెనక చక్రాల్ని వేరే వేరే వేగంతో తిరగనిచ్చే సెంటర్ డిఫరెన్షియల్ లేని బండ్లు ఇవి, తిప్పేకొద్దీ బిగుసుకొని గేర్లు దెబ్బతింటాయి. ఈ పద్ధతిగా సూస్తే కొత్తదాని ధరలో లక్షలు మిగులుతాయి.

లోరేంజ్
ఆదివారం, రాత్రి 8:15

సీమ_జీపు గారు చెప్పిన తనిఖీ అక్షరాలా అలాగే చెయ్యి. నేను చేర్చేది వాగు గురించి.

బ్రోషర్లో థార్‌కి 650 మిల్లీమీటర్లు, గూర్ఖాకి 700 అని రాస్తారు. అది నిలకడ నీళ్లకి. పారే వాగులో లెక్క వేరు. అడుగు లోతు ప్రవాహం చాలు చిన్న బండిని తేల్చడానికి, రెండడుగులైతే పెద్ద ఎస్‌యూవీలని కూడా పక్కకి తోసేస్తుంది. బురదలో జిమ్నీకి వరమైన తక్కువ బరువే పారే నీళ్లలో శత్రువు. వాగు పొంగినప్పుడు ఏ ఫోర్ బై ఫోరూ దాటించదు. ఒడ్డున ఆగి చూడాల్సిందే.

ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు ఇంజిన్ ప్రొటెక్ట్ అడుగు. ఇంజిన్‌లోకి నీళ్లు పోయి కనెక్టింగ్ రాడ్ వంగితే మామూలు పాలసీ ఇవ్వదు. ఇంకోటి, లైట్ బార్ల కోసం బండి వైరింగు కోయించకు, వారంటీకి చిక్కులొస్తాయి. ముందు వైపు ఇనప బుల్‌బార్ వద్దు, 2017 డిసెంబర్‌లోనే కేంద్రం వాటిని పెట్టొద్దని రాష్ట్రాలకి రాసింది. కుర్రాళ్లు మొదటి నెలలోనే ఎనభై వేలు వీటికి పోస్తారు. ఆ డబ్బుతో నాలుగు మంచి టైర్లు వస్తాయి, తాడూ పంపూ కూడా వస్తాయి.

నిర్వాహకుడు
సోమవారం, ఉదయం 9:00

సభ్యులకు మనవి. కవ్వాల్, నల్లమల పులుల అభయారణ్యాల లోపలి దారుల వివరాలు కోరుతూ ఈ చర్చ కింద వచ్చిన రెండు పోస్టులు తొలగించాం. అనుమతి లేని అడవి దారులు ఇక్కడ పంచుకోవద్దు. మిగతా చర్చ చాలా బాగా నడుస్తోంది, కొనసాగించండి.

అడవిబాట_ఉట్నూరు
మూడు వారాల తర్వాత, శనివారం రాత్రి 10:05

అందరికి చెప్పాల్నని ఆగిన. అమ్మను, బాపును హైదరాబాద్ తీస్కొచ్చి నాలుగు బండ్లు ఎక్కిచ్చి సూపిచ్చిన. సేల్స్ అతను ప్రతి దాంట్ల స్క్రీనే సూపెట్టిండు. అమ్మ మాత్రం ఎక్కుడు, దిగుడు, ఎక్కుడు, దిగుడు. పట్టుకునే పిడి ఎక్కడున్నది, కాలు పెట్ట జాగ ఎంత ఎత్తున్నది, గంతే సూసింది. ఒకదాని సీటు మస్తు మెత్తగుంది గాని దిగేటప్పుడు లోపటికి గుంజుతుందన్నది. గట్టి సీటే మంచిగున్నదట. నేను నెల సంది యూట్యూబ్‌ల సూసిన వాటిల్ల ఈ ముచ్చట ఎవ్వలు చెప్పలే.

పాతది కూడ ఒకటి సూసినం. సీమన్న చెప్పినట్లు కార్పెట్ ఎత్తిన, బోల్టులు ఎర్రగున్నయి. వాపసొచ్చిన.

ఆఖరుకు జిమ్నీ కింది వేరియంటు, మాన్యువల్ బుక్ చేసిన. ఆన్‌రోడ్ పదిహేను కొంచెం దాటింది. దాటిన పైసలు బాపు పత్తి అమ్మిన దాంట్లకెల్లి ఇచ్చిండు, వద్దంటే ఇనలే. అయిదేండ్ల కిస్తీ, కిస్తీలెక్క అన్న చెప్పినట్టే. పక్కకు ఫుట్‌స్టెప్పు ఒక్కటి పెట్టిపిస్తున్న, అది అమ్మ కోసం.

పశువైద్యురాలు_ఏజెన్సీ
ఆదివారం, ఉదయం 6:50

మీ అమ్మగారు చూసినట్టు చూడటం మాకెవరికీ రాదు. ఫుట్‌స్టెప్పు బండి అడుగు కంటే మరీ కిందకి వేలాడకుండా చూసుకో, గట్ల మీద తగులుతుంది. లోపల ఎక్కడానికి ఒక పిడి తక్కువైతే చెప్పు, బెల్టుతో కుట్టించినవి దొరుకుతాయి, ఫ్రేముకి కడతారు.

అడవిబాట_ఉట్నూరు
జూన్ మూడో వారం, ఆదివారం రాత్రి 9:20

మొన్న మొదటి వాన పడ్డది. నిన్న ఊరికి పోయిన. వాగుల నీళ్లు చీలమండ దాక్నే, దాటిన. అవుతల నల్లరేగడిల ఫోర్ లో ఏసి కిలోమీటరున్నర మంచిగనే పోయిన. అటెనుక టైర్లు నిండిపోయినయి, ఎంత తిప్పినా అక్కడ్నే. తప్పు నాదే, బురదల పట్టు దొరకాలంటే టైర్ల గాలి తగ్గియ్యాలె, నేను తియ్యలే, 32 పీఎస్‌ఐ మీదనే పోయిన. పక్క చేనాయన ఎడ్లు కట్టి గుంజిండు. గాలి 18కి దించినంక మిగిలిన బాటంత ఆగకుంట పోయింది.

ఇయ్యాల పొద్దుగాల అమ్మను తీస్కొని ఉట్నూరు దవాఖానకు పోయొచ్చినం. ట్రాక్టర్ ఎక్కలే.

వాపస్ వచ్చేటప్పుడు మెయిన్ రోడ్డు మీద గాలి కొట్టెటందుకు ఎక్కడ ఏం లేదు, ఉట్నూరు దాక 30 స్పీడుల పోయిన. పంపు ఏది కొనాలె?

పాడేరుఘాట్
ఆదివారం, రాత్రి 9:48

సిగరెట్ లైటర్లో పెట్టేది కొనొద్దు, కరెంటు ఎక్కువ లాగితే ఫ్యూజు పోతాది. బ్యాటరీకి క్లిప్పులతో నేరుగా తగిలించేది తీసుకో. ఇంజిన్ ఆన్‌లో ఉంచి కొట్టు. ఒక్కో టైరుకి నాలుగైదు నిమిషాలు పడతాది, వేడెక్కితే కాసేపు ఆపు. ఎడ్లు ప్రతిసారీ దగ్గర్లో ఉండవు, అయిదు టన్నుల తాడు, రెండు షాకిళ్లు (తాడు తగిలించే ఇనప కడియాలు) కూడా డిక్కీలో పెట్టుకో. తాడు ఎప్పుడూ బండికి కంపెనీ ఇచ్చిన టోయింగ్ కొక్కేనికే కట్టు, బంపరుకి కట్టకు.

తెల్లజిమ్నీ_నల్లగొండ
ఆదివారం, రాత్రి 10:12

పంపు ఏసుకుంటే డిక్కీల జాగ పోతది తమ్మీ. నేను డ్రైవర్ సీటు వెనక సంచి కుట్టిపిచ్చి అండ్ల పెట్టిన. రేపు ఫోటో పెడ్త, కొలతలు రాసుకో.